మూడడుగుల మహానౌక

శాలిబండ గడియార స్తంభానికి మీరు అట్టతో నమూనా చేస్తున్నారనుకోండి. 1/72 స్కేలు తీసుకుంటే, అసలు స్తంభంలో 72 సెంటీమీటర్లున్నది నమూనాలో 1 సెంటీమీటరవుతుంది. సందేహం వస్తే వెళ్ళి కొలుచుకోవచ్చు. మరి ఎక్కడా లేని రోదసినౌకకు నమూనా చేయాలంటే దేన్ని కొలవాలి?

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రం ఆరంభంలో ఒక యుద్ధనౌక తెరనిండా సాగిపోతుంది. కథ ప్రకారం దాని పొడవు 1,600 మీటర్లు. చిత్రీకరించిన నమూనా పొడవు సుమారు మూడడుగులే! అంటే దాదాపు 1,750 రెట్లు చిన్నది. ఆ లెక్కన నిలువెత్తు మనిషి అందులో 1 మిల్లీమీటరుంటాడు.

మరి మన కన్ను ఎలా మోసపోయింది? తయారుచేసినవారు దుకాణాల్లో అమ్మే టాంకుల, విమానాల ప్లాస్టిక్ నమూనా పెట్టెలు కొని, వాటిలోని సన్నని ముక్కలను నౌక ఒంటినిండా అతికించారు. చిన్న చిన్న వివరాలు ఎక్కువైన కొద్దీ వస్తువు పెద్దదని కన్ను భ్రమిస్తుంది. కావాలంటే నున్నటి అట్టపెట్టె మీద వరుసగా చిన్న కిటికీలు గీసి చూడండి, మేడలా కనిపిస్తుంది.

కొత్త రోదసినౌక పెట్టె రాబోతోందని వినగానే ఈ సరదా ఉన్నవారు ముందు స్కేలెంతో అడుగుతారు. 1/72 అయితే, అదే స్కేలు విమానాల పెట్టెల్లో మిగిలిన మనుషుల బొమ్మలను దాని పక్కన నిలబెట్టవచ్చు కదా! పెట్టె కొనలేకపోయినా ఫరవాలేదు. విరిగిన బొమ్మల ముక్కలు, పెన్ను మూతలు దాచుకోండి. అన్నిటి మీదా ఒకే బూడిదరంగు పూస్తే, ఏది పెన్ను మూతో మీ స్నేహితులు చెప్పలేరు.