మీకు తెలుసా? నెమ్ము చేస్తే మతి తప్పవచ్చు

నిన్నటిదాకా పేపరు చదువుకున్న పెద్దాయన పొద్దున్నే ఎప్పుడో పోయిన అన్నగారిని పిలుస్తుంటారు. ‘ఇది మనిల్లు కాదు, పోదాం పదండి’ అంటారు. జ్వరం లేదు, చెప్పుకోదగ్గ దగ్గూ లేదు. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందనుకుంటారు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో నెమ్ము! వృద్ధుల్లో న్యుమోనియా ఇలా బయటపడటం డాక్టర్లకు కొత్తేమీ కాదు. జబ్బు తీవ్రతను లెక్కగట్టే ‘కర్బ్-65’ స్కోరులో మొట్టమొదట చూసేదే ఈ తికమకను.

ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఊపిరితిత్తి వాచినప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి రసాయనాలను వదులుతాయి. అవి రక్తంలో కలిసి తలకెక్కుతాయి. మెదడు రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వాపు ముదిరితే ఆ పట్టు సడలుతుంది. లోపల కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోతాయి. జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్‌కు ఈ సెగ తొందరగా తగులుతుంది.

రెండో దారి నాడులది. ఊపిరితిత్తుల నుంచి వేగస్ నాడి నేరుగా మెదడు కాండానికి వెళ్తుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఉన్న చిట్టెలుకల్లో నొప్పిని పసిగట్టే నాడులను పనిచేయకుండా చేసి చూశారు. ఇన్ఫెక్షన్ ఉన్నా వాటిలో జబ్బు లక్షణాలు తగ్గాయి. 2024లో వచ్చిన ఫలితమిది.

అసలు కలవరపెట్టేది ఆ తర్వాతి సంగతి. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యులు శ్వాస అందకో, షాక్‌తోనో ఐసీయూలో చేరిన 821 మందిని గమనించి 2013లో వివరాలు ప్రచురించారు. నూటికి 74 మందికి ఆసుపత్రిలోనే సంధి, అంటే ఇలా మతి తప్పడం, వచ్చింది. ఏడాది తర్వాత జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని పరీక్షిస్తే, ప్రతి నలుగురిలో దాదాపు ఒకరి స్కోరు తేలికపాటి అల్జీమర్స్ రోగుల స్థాయిలో ఉంది. వీళ్లలో చిన్న వయసువాళ్లూ ఉన్నారు! సంధి ఎంత ఎక్కువ రోజులుంటే, ఏడాది తర్వాత స్కోరు అంత తక్కువగా కనిపించింది.

ఇంటికొచ్చాక పచారీ లెక్క తేలకపోవడం, మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తులేకపోవడం బద్ధకం కాదు. ‘బతికి బయటపడ్డారు, చాలు’ అని వదిలేయకండి. తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుకు ఈ సంగతీ చెప్పి, జ్ఞాపకశక్తి పరీక్ష అడగండి. ఐసీయూలో ఉండగానే కొంత చేయొచ్చు. కళ్లజోడు, చెవి మిషను అందించండి. పగలు కర్టెన్ తీయమనండి. ఈరోజు ఏ వారమో, ఎక్కడున్నారో మెల్లగా చెబుతూ ఉండండి. రాత్రి నిద్ర చెడకుండా చూడమని సిస్టర్‌ను అడగండి. మన దగ్గర చాలా ఐసీయూల్లో అయినవాళ్లను పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే లోపలికి రానిస్తారు. సంధి వచ్చిన మనిషి దగ్గర ఇంకాసేపు ఉంటామని గట్టిగానే అడగండి.