వైఫై మారింది.. కాల్ ఎందుకు కట్టయింది?

హాస్టల్ వైఫై మీద ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్నారు. సిగ్నల్ సరిగా లేదని ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కి మార్చారు. అంతే, స్క్రీన్ ఆగిపోయింది. నెట్‌ను తిట్టుకుంటూ మళ్లీ జాయినయ్యారు. నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగానికి వెళితే ఇదే ప్రశ్నగా ఎదురుకావచ్చు: 'ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాప్‌టాప్ బయటి వైఫైకి మారింది. పని ఆగకూడదు. ఏం చేస్తావ్?'

'వీపీఎన్ పెడతాను సార్' అంటే సరిపోదు. 'అది కూడా తెగిపోతే?' అన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది తడబడేది అక్కడే.

టీసీపీ కనెక్షన్‌ను రెండు వైపులా ఉన్న ఐపీ అడ్రస్‌లు, పోర్ట్ నంబర్లతో గుర్తిస్తారు. నెట్‌వర్క్ మారితే మీ అడ్రస్ మారుతుంది, పాత కనెక్షన్ పోతుంది. పైగా 10, 192.168తో మొదలయ్యే ఆఫీసు ప్రైవేటు అడ్రస్‌లు బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు.

దీనికి 1996లోనే మొబైల్ ఐపీ ప్రమాణం వచ్చింది. అద్దె ఇల్లు మారినా పాత అడ్రస్‌కి వచ్చిన ఉత్తరాలను కొత్తింటికి పంపే పోస్టాఫీసు లాంటిది అందులోని 'హోమ్ ఏజెంట్'. ఇప్పుడు ఆ పనికి వేరే దారులున్నాయి. ఐకేఈవీ2 వీపీఎన్‌కు 2006లో మోబైక్ తోడైంది. 2021లో ప్రమాణంగా మారిన క్విక్, అడ్రస్‌కు బదులు కనెక్షన్ ఐడీని నమ్ముకుంటుంది.

చదివితే సగమే వస్తుంది, చేసి చూడండి. క్లౌడ్‌లో చిన్న లైనక్స్ సర్వర్ తీసుకుని ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అవ్వండి. టాప్ కమాండ్ నడుస్తుండగా వైఫై నుంచి హాట్‌స్పాట్‌కి మారండి. ఆగిపోతుంది. తర్వాత వైర్‌గార్డ్ పెట్టి (ఫైర్‌వాల్‌లో దాని యూడీపీ పోర్టు తెరవడం మర్చిపోతారు, అందరూ మర్చిపోతారు!) సర్వర్ టన్నెల్ అడ్రస్‌కి లాగిన్ అయి మళ్లీ మారండి. కాసేపు ఆగినా అదే సెషన్ కొనసాగుతుంది. బయటి అడ్రస్ మారినా టన్నెల్ లోపలిది మారలేదు కాబట్టి. రెండింటినీ వైర్‌షార్క్‌లో చూస్తే ఇంటర్వ్యూలో బట్టీ పట్టినట్టు చెప్పక్కర్లేదు.

ఉద్యోగంలో చేరాక వచ్చే ఫిర్యాదులు ఇంకాస్త తిక్కగా ఉంటాయి. ఇంటి వైఫైది, ఆఫీసుది ఒకే 192.168.1 రేంజ్ అయితే, వీపీఎన్ కలిసినా ల్యాప్‌టాప్ ఆఫీసు ప్రింటర్‌ను ఇంట్లోనే వెతుకుతుంది. ఎయిర్‌పోర్టు వైఫైలో లాగిన్ పేజీ దాటందే టన్నెల్ లేవదు. టన్నెల్ లేనిదే ఇంటర్నెట్ వద్దని కంపెనీ లాక్ పెడితే ఆ పేజీ కూడా తెరుచుకోదు. ఫోన్‌లో అవతలివాళ్లు విసుక్కుంటుంటే, మీరు ముందు అడగాల్సింది: 'సార్, ఇప్పుడు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారు?'