పాత ఆటలో మన తెలుగు లారీ

పిల్లలూ! ఇండియా వెళ్లినప్పుడు రోడ్డు మీద లారీలు చూసే ఉంటారు. ముందు అద్దం పైన దేవుడి పేరు, పక్కన పువ్వులు, వెనకాల "హారన్ ప్లీజ్" అని పెద్ద అక్షరాలు. ఎక్కడా ఖాళీ వదలరు! అమెరికాలో ఉండే పిల్లలు దీన్ని ట్రక్కు అంటారు. బ్రిటన్‌లోనూ మన తెలుగు ఇళ్లలోనూ ఇది లారీయే.

అలాంటి లారీని కంప్యూటర్ ఆటలో నడపాలంటే ఎలా? ఆటలో లేనిదాన్ని మనమే తయారుచేసి పెట్టుకోవచ్చు. అలా చేసిన మార్పును "మాడ్" అంటారు.

ఏ ఆట?

"18 వీల్స్ ఆఫ్ స్టీల్: హాలిన్" అనే ఆట 2006లో వచ్చింది. చెక్ దేశంలోని ప్రాగ్ నగరంలో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ దీన్ని తయారుచేసింది. అమెరికా రోడ్ల మీద సరుకు మోయడం ఇందులో మన పని. వీళ్లే 2012లో "యూరో ట్రక్ సిమ్యులేటర్ 2" తెచ్చారు. కొత్త ఆట వచ్చినా పాతదాన్ని చాలామంది వదల్లేదు. దానికి ఒక కారణం మాడ్‌లే. ఇండోనేసియాలో కొందరు ఈ లారీల ఆటలోకి తమ ఊళ్ల బస్సులనే తెచ్చేశారు!

మాడ్ ఎలా పనిచేస్తుంది?

ఆట సామాను చాలావరకు "బేస్ డాట్ ఎస్‌సీఎస్" అనే ఒక పెద్ద ఫైల్లో ఉంటుంది. ఈ పాత ఆటలో అది నిజానికి జిప్ ఫైలే, పేరు చివర మాత్రం వేరు. దాన్ని ఒక పెద్ద బీరువా అనుకోండి. లోపల అరలు అంటే ఫోల్డర్లు. ఒక అరలో లారీ ధర, ఇంజను బలం లాంటివి మామూలు అక్షరాల్లో రాసి ఉంటాయి. ఇంకో అరలో లారీ రంగుల బొమ్మలు ఉంటాయి.

డాక్యుమెంట్స్‌లో ఆట పేరుతో ఉన్న ఫోల్డర్లో "మాడ్" అనే చిన్న ఫోల్డర్ ఉంటుంది. ఆట మొదలైనప్పుడు దాన్ని కూడా చూస్తుంది. బీరువాలో ఏ అరలో ఏ పేరుతో ఉందో, సరిగ్గా అదే అర, అదే పేరుతో మీ బొమ్మ కనిపిస్తే, పాతదాన్ని పక్కనపెట్టి మీదే చూపిస్తుంది. అసలు ఫైలుకి ఏమీ కాదు. నచ్చకపోతే మీ ఫైలు తీసేస్తే చాలు, పాత లారీ తిరిగొస్తుంది. అందుకే ఒక గట్టి నియమం: బీరువాలోంచి కాపీ తీసుకోండి కానీ బీరువాని మార్చకండి.

చేసే పద్ధతి

1. ముందు మీరు దాచుకున్న ఆటలను వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి.
2. బేస్ ఫైలు కాపీని తెరిచి, మీకు కావలసిన లారీ రంగు బొమ్మను బయటికి తీయండి. అది డీడీఎస్ అనే రకం బొమ్మ.
3. జింప్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో దాని మీద రంగులు వేయండి. బొమ్మ కొలత మార్చకండి. 512, 1024 లాంటి కొలతల్లో ఎలా ఉందో అలాగే దాచండి.
4. అవే పేర్లతో ఫోల్డర్లు చేసి, బొమ్మను అందులో పెట్టి, అంతా జిప్ చేయండి.
5. పేరు చివర జిప్ తీసేసి ఎస్‌సీఎస్ అని పెట్టండి. విండోస్ పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి, ముందు దాన్ని కనిపించేలా చేసుకోండి. లేకపోతే ఫైలు పైకి మారినట్టుంటుంది, లోపల మాత్రం జిప్‌గానే మిగిలిపోతుంది.
6. మాడ్ ఫోల్డర్లో వేసి ఆట తెరవండి. ఒకసారికి ఒక మార్పే చేయండి. అప్పుడు ఏదైనా చెడితే ఎందుకు చెడిందో వెంటనే తెలుస్తుంది.

తెలుగు అక్షరాల సంగతి

ఆటలోని అక్షరాల్లో తెలుగు లేదు. మీ పేరు తెలుగులో టైపు చేస్తే రాదు. కానీ లారీ మీద ఉండేది బొమ్మ కదా! బొమ్మలో ఏ భాషైనా గీయొచ్చు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. కొన్ని పాత ప్రోగ్రాముల్లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి. "అమ్మ" అని రాస్తే "అమ్‌మ" అయిపోతుంది. ప్రతి ఒత్తునీ, ప్రతి గుణింతాన్నీ చూసుకోండి. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. కొన్ని లారీలకు ఒకే బొమ్మను కుడివైపూ ఎడమవైపూ వాడతారు. అప్పుడు ఒకవైపు మీ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అలాంటి లారీకి పక్కన పువ్వులు వేసి, అక్షరాలు ముందూ వెనకా రాయండి.

మర్చిపోకండి

వేరేవాళ్లు చేసిన మాడ్ తీసుకుంటే వాళ్ల పేరు చెప్పండి. దాన్ని మార్చి పంచాలంటే ముందు అడగండి. ఒక లారీ తయారుచేయడానికి వాళ్లు నెలలు కష్టపడి ఉండొచ్చు. ఇంటర్నెట్‌లోంచి ఏదైనా దించుకునే ముందు అమ్మనో నాన్ననో పిలవండి. మాడ్ అని చెప్పి ఇన్‌స్టాల్ చేయమనే ప్రోగ్రాం ఇస్తే వద్దనండి. ఈ ఆటకు మాడ్ అంటే ఫోల్డర్లో వేసే ఫైలే.

మీ పని

మీ లారీ వెనకాల ఏం రాస్తారు? మూడు మాటలకు మించకూడదు, కనీసం ఒక ఒత్తు ఉండాలి. కాగితం మీద పెద్దగా రాసి, అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్లో చూపించండి. వాళ్ల ఊళ్లో లారీల మీద ఏం రాసి ఉండేదో అడిగి, అది కూడా రాసుకు రండి.