మబ్బును వదిలి కుట్రను పట్టుకున్నారు

ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిని బలిగొన్న హెలికాప్టర్ ప్రమాదం వెనుక రిలయన్స్ కుట్ర ఉందంటూ ఓ విదేశీ వెబ్‌సైట్ రాసిన కథనాన్ని 2010 జనవరి 7న తెలుగు చానెళ్లు ఎత్తుకున్నాయి. ఆ రాత్రే ఉమ్మడి రాష్ట్రంలో పలుచోట్ల రిలయన్స్ దుకాణాల మీద రాళ్లు పడ్డాయి. ఆధారమేమిటంటే ఆ కథనమే! ఆ ముచ్చట ఇంకా చల్లారలేదు.

జరిగింది వేరు. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38కి బేగంపేటలో లేచిన బెల్ 430 హెలికాప్టర్ పాలమూరు మీదుగా చిత్తూరుకు బయల్దేరింది. కృష్ణ దాటి నల్లమల మీదికి వెళ్లేసరికి సంబంధాలు తెగిపోయాయి. ప్రమాదంపై దర్యాప్తు చేసిన ఆర్.కె. త్యాగి కమిటీ కాక్‌పిట్ రికార్డర్‌ను విన్నది. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక రావడంతో పైలట్లు మాన్యువల్ తిరగేస్తూ విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారు. అంతలో క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బులో చిక్కారు. కిందికి విరుచుకుపడిన గాలి హెలికాప్టర్‌ను పావురాలగుట్ట మీద పడేసింది. అంత పెద్ద మనిషిని మబ్బు చంపుతుందా అంటారు కొందరు. క్యుములోనింబస్‌కు ప్రొటోకాల్ తెలియదు మరి.

రాడార్ ఉండగా దారిలోని వాతావరణం గురించి పైలట్లు ఒకరికొకరు చెప్పుకునేదేముంది అన్నది మరో అపోహ. విమానంలోని రాడార్ వాన చినుకుల్ని పట్టుకుంటుంది. చినుకు లేని చోట కుదుపు దానికి అందదు. ఆ లోటు తీర్చేది ముందు వెళ్లిన పైలట్ మాట, అంటే పైరెప్. ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఎత్తులో, ఏ విమానానికి, ఎంత కుదుపు అన్నది కంట్రోలర్‌కు చెబితే వెనక వచ్చేవాళ్లు పక్కకు తప్పుకుంటారు. తీవ్రమైన కుదుపు ఎదురైతే చెప్పి తీరాలన్నది అంతర్జాతీయ నియమం. చిక్కల్లా ఏమిటంటే, 30,000 అడుగుల పైనుంచి జెట్ చెప్పే కబురు కొండల మీద ఎగిరే హెలికాప్టర్‌కు పెద్దగా అక్కరకు రాదు. నల్లమల మీద ఆ కింది ఎత్తున ముందు వెళ్లినవాళ్లే అరుదు.

విమానాల మోతకు మబ్బులు చెదిరిపోతాయనేవాళ్లు వానాకాలంలో ఒకసారి శంషాబాద్ వెళ్లి తడిసి రావచ్చు.

ఒక్క పైలట్ మాటను ఏం నమ్ముతామన్న శంకలో మాత్రం కొంత నిజముంది. సెస్నాను గిలకొట్టిన గాలి ఎయిర్‌బస్‌కు లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే విమానం రకం కూడా చెబుతారు. మబ్బు సైతం నిమిషాల్లో రూపు మారుస్తుంది. కాబట్టి పాత కబురును పట్టుకుని వేలాడకూడదు. కుదుపేమీ లేదని చెప్పడమూ రిపోర్టే, కుర్ర పైలట్లు దాన్ని చిన్నచూపు చూడొద్దు.

ఎన్నికల సభలకు హెలికాప్టర్ మాట్లాడే నల్లగొండ కార్యకర్తలకూ ఒక మాట. హెలిప్యాడ్ దగ్గర నిలబడి 'దేవరకొండలో ఎండే, రమ్మనండి' అని ఫోన్ చేస్తే చాలదు, దారిలో ఉన్న మాల్ ఊరి మీద ఆకాశం ఎలా ఉందో కనుక్కోవాలి. పైలట్ గంట ఆగుదామంటే, మైకు ఇంకో స్థానిక నాయకుడి చేతికివ్వాలి.