ముల్లు చదివిన పాకము

సంక్రాంతి అరిసెలకు, చలికాలపు పెరుగునకు, నూనె బాణలికి ఎట్టి థర్మామీటరు తగును? నంద్యాల, ఆళ్లగడ్డ వంటిండ్లను దృష్టియందుంచుకొని వ్రాసిన ముఖచిత్ర కథనము

వంటింటి ముల్లు థర్మామీటరును ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు వాడవలెనో సంక్రాంతికి ముందటి ఆదివారపు సంచికకు వ్రాయుమని సంపాదకులు ఆదేశించి, గురువారము సాయంకాలమును గడువుగా విధించినప్పుడు, నాకు తొలుత తోచిన సందేహము పాఠకులకును తోచునదే: తరతరములుగా కంటితోను, చెవితోను, వ్రేలికొనతోను వేడిని గుర్తెఱిగి వండుచున్న నంద్యాల, ఆళ్లగడ్డ ఇల్లాండ్రకు ఈ ఉక్కు పుల్లతో పని యేమి? ఆ సందేహము ఇంకను పూర్తిగా తీరలేదు. పప్పునకు, రాగి సంగటికి, ఉగ్గానికి దానితో ఏ పనియు లేదనియే ఇప్పటికిని నా నమ్మకము. కాని బెల్లపు పాకము నెదుట అది చేయు ఉపకారమును తెలిసికొన్న పిదప దానిని నేను ప్రేమింపక తప్పినది కాదు.

ఈ విషయమున నాకు దొరికిన పత్రములన్నిటిలోను మిక్కిలి సజీవమైనది ఆ పరికరపు గుండ్రని ముఖమే. అంగళ్లలో అమ్ము ముల్లు థర్మామీటరుల ముఖములపై అచ్చువేసిన అక్షరములను ఓపికతో చదివినచో, అవి రెండు భిన్న వంశములకు చెందినవని తెలియును. మొదటి వంశపు ముఖముపై అంకెలు సుమారు 50 నుండి 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకే యుండును; వాని ప్రక్కన బీఫ్, లాంబ్, పౌల్ట్రీ అను పేర్లును, ఏది ఎంతవరకు కాలవలెనో తెలుపు గుర్తులును ఉండును. పెద్ద మాంసఖండమును ఓవెనులో కాల్చుకొని తిను దేశముల కొఱకు పుట్టినది యది. మన కోడి ముక్కయో, పులుసులో మరుగుచు ఉడుకును. కోడిమాంసము నిరపాయకర మగుటకు దాని నడిమి భాగము 74 డిగ్రీలకు చేరిన చాలునని ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, నూఱు డిగ్రీల సమీపమున చాలసేపు మరిగిన నాటుకోడికి వేఱొక పరీక్ష యేల? కొనబోవువారు ఈ వంశమును మొదటనే ప్రక్కకు పెట్టవచ్చును.

రెండవ వంశపు ముఖమే నన్ను నిలువరించినది. దానిపై అంకెలు 200 డిగ్రీల వరకును సాగును. వాని వెంట థ్రెడ్, సాఫ్ట్ బాల్, ఫర్మ్ బాల్, హార్డ్ బాల్, సాఫ్ట్ క్రాక్, హార్డ్ క్రాక్ అను మెట్లు వరుసగా వ్రాసియుండును. ఈ మెట్లను మొదట నిర్ణయించినది ఏ ప్రయోగశాలయు గాదు. మరుగుచున్న పాకమును ఒక చుక్క చన్నీళ్లలో విడిచి, అది తీగ సాగునా, మెత్తని ఉండ కట్టునా, గట్టిపడునా, పటుక్కున విఱుగునా యని వ్రేళ్లతో పరీక్షించిన పాశ్చాత్య మిఠాయి వంటవారు. పొయ్యి ప్రక్కన గిన్నెడు చన్నీళ్లు పెట్టుకొని నంద్యాల వంటింటిలో పెద్దలు చేయు పరీక్షయు అక్షరాల ఇదియే. తీగపాకము, ఉండపాకము, ముదురుపాకము అని మనవారు చెప్పుకొను మెట్లే ఆ ముఖముపై అంకెలై నిలిచియున్నవని గ్రహించిన క్షణమున, అది పరాయి వస్తువను భావము నాలో నశించినది.

ఇక్కడ వేడి యనునది నిజమునకు దేనిని కొలుచుచున్నదో తెలియవలెను. నీరు మాత్రమే యున్న పాత్ర ఎంత మంట పెట్టినను నూఱు డిగ్రీలను దాటదు. దానిలో చక్కెర కరగియున్నచో మరుగు స్థానము పెరుగును, నీరు ఆవిరియై పోయినకొలది చక్కెర పాలు హెచ్చి, ఆ స్థానము ఇంకను పెరుగుచు పోవును. కావున పాకమునందు ముల్లు చూపు అంకె, పాత్రలో ఇంకను ఎంత నీరు మిగిలియున్నదో తెలుపు లెక్క. చక్కెర పాకము 112 డిగ్రీలకు చేరు నప్పటికి నూటికి సుమారు 80 పాళ్లు చక్కెరయై తీగ సాగును. 112 మొదలు 116 వఱకు 85 పాళ్లతో మెత్తని ఉండ కట్టును. 121 మొదలు 130 వఱకు 92 పాళ్లతో గట్టి ఉండ యగును. 146 దాటిన పిదప నీరు నూటికి ఒక పాలు మాత్రమే మిగిలి, చల్లారినంతనే గాజువలె విఱుగును. మంట ఎంత పెద్దదో, బాణలి ఇత్తడిదో యినుముదో, పొయ్యి కట్టెలదో గ్యాసుదో ఆ అంకెకు పట్టదు.

అరిసెల పాకము మెత్తని ఉండ మెట్టునకు చెందినది. అది లేతగా నున్నప్పుడు తడిపిండి కలిపినచో చలిమిడి జారుగా నుండి, అరిసె నూనెలో వేసినంతనే విచ్చిపోవును. ముదిరినచో ఆ పూట బాగుగానే కనబడి, మఱునాటికి పంటికి లొంగదు. ఈ రెంటి నడుమ గల దూరము ఆ ముఖముపై నాలుగైదు డిగ్రీలు మాత్రమే. అంతకంటె విషమమైన సంగతి యొకటి కలదు: ఆరంభమున నీరు విస్తారముగా నుండుటచే ముల్లు చాలసేపు కదలనట్లే యుండి, చివర మిగిలిన నీరు కొంచెమగుటచే గబగబ పైకెగబ్రాకును. పెక్కుమంది పాకము చెడుట ఆ చివరి గడియలోనే. అంకెలు మాత్రమే చూపు పరికరములకంటె ముల్లుగల దానిని నేను మక్కువతో చూచుటకు కారణమిదియే. ముల్లు ఎంత త్వరగా కదలుచున్నదో కంటికి తెలియును, మంట తగ్గింపవలసిన సమయము ముందుగనే చేతికి తెలియును. బుడ్డల ఉండలకు ఇంకను ముదురు పాకము కావలెను గాని, బెల్లము 150 డిగ్రీల దరికి పోయినచో చేదెక్కును. కావున 130 దాటినది మొదలు పొయ్యి విడిచి పోరాదు.

అయినను ముఖముపై నున్న అంకెను వేదవాక్యముగా గైకొనరాదు. అవి శుద్ధమైన చక్కెర కొఱకు నిర్ణయింపబడినవి. బెల్లమునందు చక్కెరతోబాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, లవణములు కొంత కొంత ఉండుటచే, ఏ ఊరి బెల్లమునకు ఆ ఊరి తేడా కలదు. అందుచే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యిది: ఇంటిలో పాకము చూడ నేర్చిన పెద్దదిక్కు ఉన్నప్పుడే, ఆమె చన్నీళ్లలో చుక్క వేసి "ఇక దింపవచ్చును" అనిన నిమిషమున ముల్లు ఎక్కడ నున్నదో చూచి, ఆ అంకెను తారీఖుతో, బెల్లపు రకముతో గోడమీదనో పుస్తకముననో వ్రాసికొనవలెను. ఆ అంకె ఆ యింటి పాకము. అచ్చు పుస్తకమునం దెందును దొరకనిది. బెంగళూరులోనో హైదరాబాదులోనో కాపురమున్న కూతురునకు, కోడలికి ఫోనులో చెప్పదగినదియు అదియే. "తీగ సాగినప్పుడు దింపమ్మా" అను మాటను విని చేతికి తెచ్చుకొనుటకు ఏండ్లు పట్టును. అంకెకు ఆ యాలస్యము లేదు.

ఈ పరికరపు పూర్వకథ గడువు దృష్ట్యా క్లుప్తముగ చెప్పెదను. 1714లో ఫారెన్‌హీటు ఆధారపడదగిన పాదరసపు థర్మామీటరును చేసెను. 1742లో స్వీడను దేశస్థుడు సెల్సియసు నూఱు భాగముల కొలతను ప్రతిపాదించెను, అందు మరుగు నీటిది సున్న, మంచుది నూఱు కాగా తరువాతివారు దానిని తలక్రిందులు చేసిరి. ఆ శతాబ్దముననే ఆంగ్ల గడియారకారుడు జాన్ హారిసను వేఱువేఱు రీతుల వ్యాకోచించు రెండు లోహములను ఒకటిగా అతికించిన పట్టీని తన గడియారమున వాడెను. ఆ పట్టీని చుట్టగా చుట్టి, కాడలో నమర్చి, దాని కొసకు ముల్లు తగిలించినదే మన వంటింటి థర్మామీటరు.

అంకెను పొగడుచున్నానని కంటి చూపును చులకన చేసినట్లు తలపరాదు. నంద్యాలనుండి కడప దారిన పోవునప్పుడు తగులు ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు శిల్పులున్నారు. ఉక్కు ఉలికి పదును పెట్టు విద్య కన్నే కొలమానముగా గల విద్య. కాల్చి చల్లార్చిన ఉలిని తోమి మఱల మెల్లగా వేడిచేయుచుండగా మెఱుగు మీద మొదట లేత గడ్డిరంగు, పిదప ఊదా, తరువాత నీలము పొడసూపును. లోహముపై ఏర్పడు పలుచని ఆక్సైడు పొర మందమునుబట్టి ఆ రంగులు మాఱును. గడ్డిరంగు సుమారు 230 డిగ్రీలను, నీలము 300 డిగ్రీలను తెలుపును. ఏ రంగు దగ్గఱ ఆపవలెనో ఎఱిగిన కన్ను ఏ యంత్రమునకును తీసిపోదు. అయితే ఆ కన్ను కొలిమి ముందఱ ఏండ్ల తరబడి కూర్చున్నది. ఏడాదికి ఒకసారి అరిసెలు వండు ఇంటికి అంతటి అభ్యాసము ఎక్కడిది?

చేతి స్పర్శ విషయమో, దానిని నేను కన్నంతగా నమ్మను. నంద్యాలకు తూర్పున నల్లమల పాదమున గల మహానంది కోనేటి నీరు వేసవిలో చల్లగను, చలికాలమున వెచ్చగను ఉండునని భక్తులందఱును చెప్పుకొందురు. భూగర్భమునుండి ఊరు నీటి వేడి ఏడాది పొడుగునను పెద్దగా మాఱదు. మాఱునది వెలుపలి గాలియు, దానితో మన చర్మమును. చేయి వేడిని కొలువదు, తానున్న స్థితితో పోల్చి చెప్పును. పాలు తోడువేయునప్పుడు వ్రేలు ముంచి చూచుటలోని చిక్కు ఇదియే. పెరుగును తోడుకొలుపు సూక్ష్మజీవులలో పెక్కింటికి 40 మొదలు 45 డిగ్రీల వేడి ప్రీతికరము. 50 దాటిన పాలలో అవి దెబ్బతినును. పుష్యమాసపు రాత్రి చల్లబడిన వ్రేలికి 38 డిగ్రీల పాలు కూడ వేడిగానే తోచును. ఆ పాలకు తోడువేసి గిన్నెను చలిలో వదలినచో తెల్లవారునప్పటికి పెరుగు కాదు. ముల్లు 43 చూపినప్పుడు తోడువేసి, గిన్నెకు గుడ్డ చుట్టినచో అది తప్పక తోడుకొనును. వేసవి మాట వేఱు. నంద్యాల యెండ 44, 45 డిగ్రీలకు పోవు దినములలో వంటిల్లే ఆ సూక్ష్మజీవులకు ఇష్టమైన వేడిలో నుండును గనుక, తోడు చుక్క తగ్గించి, గట్టిపడిన వెంటనే ఫ్రిజ్జులో పెట్టవలెను. 5 నుండి 60 డిగ్రీల నడుమ ఆహారమునందు హానికర సూక్ష్మజీవులును పెరుగునని మఱువరాదు. మే నెలలో మధ్యాహ్నపు పప్పును రాత్రి వఱకు బల్లపై నుంచుట ఎంతమాత్రమును తగదు.

నూనె విషయము త్వరగా ముగింతును. బజ్జీలకు 175 మొదలు 180, అరిసెలకు అంతకంటె కొంచెము తక్కువ చాలును. శుద్ధిచేసిన వేరుశనగ నూనె 230 డిగ్రీల సమీపము వఱకు పొగ విడువదు గాని, గానుగ నూనె సుమారు 160 వద్దనే పొగ మొదలిడును. గానుగ నూనెయందు మక్కువ గలవారు దానిని పోపులకును, పొడులలోనికిని ఉంచుకొని, బాణలికి మఱియొకటి వాడుట మేలని నా యభిప్రాయము.

ఇక ఎన్నిక. సున్న నుండి 200 లేక 220 డిగ్రీల వఱకు చూపునదియు, ముఖము వెడల్పై వయసు మళ్లినవారి కన్నులకు అందునదియు, రెండేసి డిగ్రీలకైనను గీతలున్నదియు, బాణలి అంచును పట్టుకొను క్లిప్పు గలదియు కావలెను. ముఖము వెనుక చిన్న నట్టు తప్పక ఉండవలెను; ముల్లు తప్పు చూపినప్పుడు సరిదిద్దుటకు అదియే ఆధారము. కాడపై సాధారణముగ ఒక చిన్న నొక్కు కనబడును. కొస నుండి ఆ నొక్కు వఱకు గల అయిదారు సెంటీమీటర్ల భాగమే వేడిని గ్రహించును గనుక, కొస మాత్రము ముంచి చూచువారికి అది ఎల్లప్పుడును తక్కువ చూపును. అర కిలో బెల్లమును వెడల్పు బాణలిలో కాచునప్పుడు పాకమునకు అంత లోతు ఉండదు. అప్పుడు కాడను ఏటవాలుగ నుంచవలెను, లేదా ఇఱుకు నోటి లోతైన గిన్నెలో కాచవలెను. కొస అడుగునకు తగిలినచో అది పాకపు వేడిని గాక లోహపు వేడిని చెప్పును. ముంచిన పిదప ముల్లు నిలుకడకు వచ్చుటకు పదునైదు, ఇరువది సెకండ్లు పట్టును. ఆ మాత్రపు ఓపిక ఉంచుకొనవలెను.

మంచునీరు, మరుగునీరు

కొన్న నాడే, పిదప అప్పుడప్పుడును, పరికరమును పరీక్షింపవలెను. గ్లాసు నిండ పొడిచేసిన మంచు వేసి, సందులు నిండునంత నీరు పోసి కలిపి, కాడను నొక్కు దాటునట్లు ముంచినచో ముల్లు సున్నపై నిలువవలెను. మరుగునీటి పరీక్షలో ఊరి ఎత్తును లెక్కింపవలెను: సుమారు 300 మీటర్లు పైకి పోయినకొలది నీరు ఒక డిగ్రీ తక్కువలో మరుగును. సముద్రమట్టమునకు సుమారు 200 మీటర్ల ఎత్తున గల నంద్యాలలో అది 99 దాటి మరుగును. 900 మీటర్లకు పైబడిన బెంగళూరులో 97 సమీపమున. అమెరికాలోని డెన్వరు 1,600 మీటర్ల ఎత్తున నుండుటచే అక్కడ 95 వద్దనే. కావున నంద్యాలలో అమ్మ 114 వద్ద దింపిన పాకమును బెంగళూరు కూతురు 112 దాటనీయకుండ దింపవలెను. డెన్వరు కోడలికి 110 చాలును.

పాదరసము వద్దు

బడి ప్రయోగశాలలలోని పాదరసపు గాజు గొట్టమును వంటింటికి తేరాదు. జ్వరము చూచు థర్మామీటరును వేడి పాలలో ముంచుట ఇంకను ప్రమాదకరము. 42 డిగ్రీల వఱకే కొలుచునది పగులును. కొడైకెనాలులోని పాదరస థర్మామీటరుల కర్మాగారము కాలుష్యపు ఆందోళన నడుమ 2001లో మూతబడినది. పాదరసమును నియంత్రించు మినమాటా అంతర్జాతీయ ఒడంబడిక 2017లో అమలులోనికి వచ్చినది. పాత గొట్టము ఇంటిలో పగిలినచో కిటికీలు తెఱచి, పిల్లలను వెలుపలికి పంపి, గుండ్లను గట్టి కాగితముతో కూడదీసి మూతగల సీసాలో నుంచవలెను. చీపురుతో ఊడ్వరాదు, వాక్యూమ్ క్లీనరు ఎంతమాత్రమును వాడరాదు.