ముఖానికొకటి, ఊరికొకటి

"సార్, ఈ ఫోనుకి నా ముక్కంటే ఏటంత మోజండీ?"

ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి కటకాల పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అడిగినవాడు సెల్ఫీ కూడా చూపించాడు. నిజమే, ముక్కు బుడ్డ వంకాయలా ముందుకొచ్చేసింది, చెవులు ఎక్కడో వెనక్కి నక్కాయి. క్లాసంతా గొల్లుమంది. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను. ఫోను ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెవి అక్కణ్ణించి మరో 12 సెంటీమీటర్లు వెనక, అంటే 42. ఆ 42ని 30తో భాగిస్తే 1.4. చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే మనిషిని 2 మీటర్ల దూరం నుంచి తీస్తే 212ని 200తో భాగించాలి. తేడా 6 శాతమే. అరుగు మీద కూర్చుని కబుర్లాడుకునేటప్పుడు మనం ఒకరినొకరం చూసుకునే దూరం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి ఆ ముక్కు పాపం లెన్సుది కాదు, దూరానిది.

"మరి రెండు మీటర్లు ఎనక్కెళ్తే మనిషి ఇంతే అయిపోతాడు కదండీ?" అని వాడు బొటనవేలు చూపించాడు. సరిగ్గా అక్కడే పోర్ట్రెయిట్ లెన్సు పుట్టిందని చెప్పాను. వెనక్కి నిలబడి, ముఖాన్ని దగ్గరికి లాక్కునే లెన్సు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో అది 85 మి.మీ. దగ్గర ఉంటుంది. అక్కడితో పాఠం ముగించాల్సింది. కానీ బెల్లు కొట్టాక వాడు నన్ను వరండాలో పట్టుకున్నాడు. వాళ్ల బావ దగ్గర పాత కెమెరా ఉందట, అది పట్టుకుని అరకు వెళ్తారట. డబ్బులు ఒక్క లెన్సుకే ఉన్నాయట. మనుషులకి తీసుకోవాలా, కొండలకి తీసుకోవాలా?

ఈ ప్రశ్న వింటే నాకు ఒక లెక్కల మాస్టారు గుర్తొస్తాడు. పేరు జోసెఫ్ పెట్జ్‌వాల్. 1807లో అప్పటి హంగరీలో, ఇప్పటి స్లొవేకియాలో పుట్టి, వియన్నా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పుకునేవాడు. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది. కానీ అప్పటి లెన్సుల్లో దూరే వెలుగు బొత్తిగా తక్కువ, దాన్ని పట్టుకునే రేకు మహా మందకొడి. ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. తల ఊగకుండా వెనక ఇనప కొక్కెం ఒకటి. ఆ ఫొటోల్లో ఎవరూ నవ్వలేదంటే వింతేముంది మరి!

పెట్జ్‌వాల్ కాగితం మీద కూర్చుని లెన్సుని ముందు లెక్కగా కట్టాడు. అంతవరకూ కెమెరా లెన్సంటే పనివాడు అరగదీసి, చూసి, మళ్లీ అరగదీసేది. ఒక్కో కిరణం ఒక్కో గాజు తలం దగ్గర ఎంత వంగుతుందో లెక్కవేస్తూ పోవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆస్ట్రియా ఫిరంగి దళంలో గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టడం నేర్చిన సిపాయిలుండేవారు. వాళ్లలో కొందరిని ఆయనకి సాయంగా ఇచ్చారు. కంప్యూటరంటే అప్పుడు మీసాలున్న మనిషి.

1840లో లెక్క తేలింది. ముందు రెండు గాజులు అతికించి ఒక జత, వెనక రెండు గాజుల మధ్య సన్నని సందుతో ఇంకో జత. మొత్తం నాలుగే. దాని ఎఫ్ సంఖ్య సుమారు 3.6. ఎఫ్ సంఖ్యంటే నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చేది, కాబట్టి అది తగ్గేకొద్దీ కిటికీ పెద్దది. అంతకు ముందున్న లెన్సులు 16 దగ్గర ఉండేవి. 16ని 3.6తో భాగించి వర్గం చేస్తే దాదాపు 20. ఒక్క దెబ్బతో ఇరవై రెట్ల వెలుగు. నిమిషాల పని క్షణాల్లోకి దిగింది.

కానీ నాకు ఈ లెన్సు మీద ప్రేమ ఆ వేగం వల్ల కాదు, అందులోని లోపం వల్ల.

ఇది మా ల్యాబులో ఏటా చేయించే ప్రయోగం. భూతద్దాన్ని తెరిచిన కిటికీ వైపు పట్టుకుని, వెనక తెల్లకాగితం పెడితే కిటికీ ఊచలు తలకిందులుగా పడతాయి. నడుమనున్న ఊచలు గీత గీసినట్టుంటే అంచు ఊచలు మసక. కాగితాన్ని వీసమెత్తు ముందుకి జరిపితే అంచులు తేరుకుంటాయి, నడుమ చెదిరిపోతుంది. ఎంతసేపు జరిపినా రెండూ ఒక్కసారి రావు. అప్పుడు కాగితం పక్కన పెట్టి, తెల్ల పింగాణీ పళ్లెం, లోతు కొంచెం ఉన్నది, లోపలి వైపు లెన్సుకి చూపిస్తూ పట్టుకోమంటాను. ఊచలన్నీ ఒక్కసారి కుదురుకుంటాయి. పిల్లలు "ఓలమ్మో" అంటారు. లెన్సు బొమ్మని బల్లపరుపుగా గీయదు, గిన్నెలోపల గీస్తుంది. మన రేకో, ఫిల్మో, సెన్సరో మాత్రం బల్లపరుపు.

ఆ గిన్నె వంపు ఎంతో చెప్పే సూత్రం పెట్జ్‌వాల్‌దే, ఇవాళ్టికీ లెన్సు చేసేవాళ్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. అందులో ఒక మాయ ఉంది. ప్రతి లెన్సుకీ రెండు ఖాతాలు ఉన్నాయనుకోండి. ఒకటి వెలుగుని వంచే ఖాతా, రెండోది గిన్నె వంపు ఖాతా. మొదటి ఖాతాలో లెన్సు ఎక్కడ నిలబడిందన్నది లెక్కలోకి వస్తుంది. కిరణాలు కూడే చోటుకి దగ్గరగా ఒక పుటాకార కటకం పెడితే, అక్కడ కిరణాలు అప్పటికే ఒకచోటికి చేరి ఉంటాయి కాబట్టి అది వాటిని పెద్దగా చెదరగొట్టలేదు. రెండో ఖాతాకి మాత్రం చోటుతో పనిలేదు. ఎక్కడున్నా పుటాకార కటకం తన వంతు వంపుని పూర్తిగా తీసివేస్తుంది. అంటే బలం పెద్దగా పోగొట్టుకోకుండా గిన్నెని పళ్లెం చేయొచ్చు. చోటు మార్చి బాకీ తీర్చే ఈ కిటుకు చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మందు తెలిసినవాడు తన పోర్ట్రెయిట్ లెన్సుకి ఎందుకు వెయ్యలేదు? ముఖం నడుమ ఉంటుంది కనక. గిన్నె అడుగు వరకు బొమ్మ కత్తిలా ఉంటే చాలు. భుజాలు, కుర్చీ, తెర మసకబారితే నష్టమేముంది? చూసేవాడి కన్ను తిన్నగా కళ్ల మీదికే పోతుంది. అంచుల్లో ఆకులూ వెలుగు చుక్కలూ సుడి తిరిగినట్టు కనబడే ఆ బొమ్మ కోసం ఇవాళ డబ్బు పోసి మళ్లీ అలాంటి లెన్సులే చేయించుకుంటున్నారు. గుంపుని తీయాల్సి వస్తే అందరినీ కెమెరా చుట్టూ నెలవంకలా కూర్చోబెట్టేవారు. గిన్నెకి తగ్గట్టు మనుషుల్నే వంచారన్నమాట.

ఊళ్లూ కోటలూ తీయడానికి నెలవంక కుదరదు కదా. అందుకని పెట్జ్‌వాల్ 1840లోనే రెండో లెన్సు కూడా లెక్కకట్టాడు. ముందు జత దాదాపు అదే, వెనక జతని మాత్రం వెలుగుని విప్పేలా మార్చాడు. పైన చెప్పిన మందు అదే. రంధ్రం చిన్నదైనా బొమ్మ బల్లపరుపు. ముఖానికొకటి, ఊరికొకటి. మా వాడు వరండాలో అడిగిన ప్రశ్నకి జవాబు అప్పుడే తయారైంది.

పోర్ట్రెయిట్ లెన్సుని గాజులో చేసినవాడు పీటర్ వోట్‌లెండర్. వాళ్ల కొట్టు వియన్నాలో 1756లో పెట్టారు, మన బొబ్బిలి యుద్ధానికి సరిగ్గా ముందు ఏడాది. పెట్జ్‌వాల్ చేతికి ఒక్కసారి 2,000 గుల్డెన్లు ముట్టాయి, అంతే. ఆయన తన హక్కుని ఆస్ట్రియా దాటి నమోదు చేయించుకోలేదు. 1849లో వోట్‌లెండర్ సరిహద్దు దాటి జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో కార్ఖానా పెట్టి పోర్ట్రెయిట్ లెన్సుల్ని అక్కడ చేసి అమ్ముకున్నాడు. మాస్టారు మండిపడ్డాడు. చాలా ఏళ్లు అటకెక్కిన రెండో లెన్సుని 1850ల్లో దీట్స్‌లర్ అనే వేరే పనివాడి చేత చేయించాడు. వోట్‌లెండర్ తన దగ్గరున్న పాత లెక్కలు బయటికి తీసి అదే లెన్సుని 'ఆర్థోస్కోప్' అని అమ్మకానికి పెట్టాడు. పెద్ద తగవు. దానికి తోడు 1859లో దొంగలు పెట్జ్‌వాల్ ఇంట్లో పడి ఆయన రాతప్రతులు నాశనం చేశారు. ఆ తర్వాత ఆయన మెల్లగా లెన్సుల లోకం నుంచే తప్పుకున్నాడు. 1891లో పోయాడు. నేనైతే మాస్టారి పక్షం, మాస్టారిని కాబట్టి. కాకపోతే వోట్‌లెండర్ లేకపోతే ఆ లెక్క కాగితం మీదే చెదలు పట్టేదని కూడా ఒప్పుకోవాలి.

ముఖాలూ ఊళ్లూ రెండూ ఒక్క చేత్తో తీసినవాడు మన దగ్గర రాజా దీన్‌దయాళ్. ఎక్కడో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1886లో మధ్య భారతం కట్టడాల ఆల్బమ్ ఆయనదే. 1902లో వరంగల్లు దగ్గర నెక్కొండలో వైస్రాయ్ కర్జన్ దంపతుల్ని చచ్చిన పులి పక్కన నిలబెట్టి తీసిందీ ఆయనదే. చెక్క కెమెరా, గాజు పలకలు, పెట్టెలు, వాటిని మోసే మనుషులు. మనం బొబ్బిలి స్టేషన్లో సాలూరు బస్సుకి పరుగెత్తే ముందు ఏ లెన్సు సంచిలో వేసుకోవాలా అని సణుక్కుంటాం!

రెండు లెన్సుల్ని ఒకే గొట్టంలో ఇమిడ్చే ఆలోచన తర్వాతి శతాబ్దంలో పండింది. 1959లో స్టిల్ కెమెరాకి మొదటి జూమ్ లెన్సు 36 నుంచి 82 మి.మీ. వరకు, ఎఫ్ 2.8తో బజారులోకి వచ్చింది. లెక్క ఫ్రాంక్ బ్యాక్‌ది, పుట్టింది వియన్నాలో, స్థిరపడింది అమెరికాలో. దాని మీద ముద్ర వోట్‌లెండర్‌దే! వియన్నా బుర్ర, అదే కంపెనీ, నూట పంతొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ. ఆ మధ్యలో జరిగిన కథంతా వదిలేస్తున్నాను, ఎందుకంటే నా బల్ల మీద విప్పిన జూమ్ ఒకటి ఉంది.

వానాకాలం చెమ్మకి లోపల సాలెగూడులా బూజు పట్టిన 18-55 లెన్సది. మరలు తీసి, గొట్టాలు ఒకదాన్నుంచి ఒకటి లాగితే, లోపలి గొట్టానికి ఏటవాలుగా కోసిన గాడులు కనబడ్డాయి. ఒక గాడి నిటారుగా ఎక్కుతుంది, పక్కది ముందుకెళ్లి, ఆగి, వెనక్కి తిరుగుతుంది. అద్దాల గుంపులకున్న చిన్న చిన్న మేకులు వాటిలో నడుస్తాయి. జూమ్ తిప్పితే ఒక గుంపు బొమ్మని పెంచుతుంది. పెరిగిన బొమ్మ సెన్సర్ మీద నుంచి ముందుకో వెనక్కో జారబోతే, రెండో గుంపు ఆ వంకర గాడిలో నడిచి దాన్ని పట్టుకొచ్చి మళ్లీ చోట్లో నిలబెడుతుంది. ఒకడు తాడు మీద నడుస్తుంటే కింద రెండోవాడు కర్ర పట్టి సరిచూస్తున్నట్టు. ఇంత చేసినందుకు జూమ్ కట్టే రుసుం వెలుగు. 55 దగ్గర దాని ఎఫ్ 5.6. అంటే రంధ్రం 10 మి.మీ. కూడా లేదు. 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు రంధ్రం 47 మి.మీ. ముఖం వెనక తెర ఎంత కరుగుతుందో తేల్చేది ముఖ్యంగా ఈ రంధ్రమే. ఫోను లెన్సుకి అది ఏ 3 మి.మీ.యో, కనక ఫోను 'పోర్ట్రెయిట్' మసక నూటికి తొంభైపాళ్లు లెక్కల్లో పుట్టిందే. ఫిరంగి దళం ఇప్పుడు జేబులో ఉంది.

మా వాడికి చెప్పిందిదీ: ఒక్కటే కొంటే 50 మి.మీ. ఎఫ్ 1.8 తీసుకో. వాళ్ల బావ కెమెరా సెన్సర్ చిన్నది, అందులో అది 75లా పనిచేస్తుంది, ముఖాలకి బాగుంటుంది. అరకు కొండలన్నీ ఒక్క ఫ్రేములో పట్టవు, పట్టకపోతే ఒక చెట్టూ, ఒక ఇల్లూ పడతాయి. రైల్లో దుమ్ములో లెన్సులు మార్చే ఓపిక లేనివాళ్లకి మాత్రం జూమే మంచిది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బూజు తుడిచి నా 18-55ని మళ్లీ బిగించాను. రెండు మరలు మిగిలాయి. ముందు గొట్టాన్ని ఒక చుట్టు తప్పుగా ఎక్కించినట్టున్నాను, దూరపు వస్తువు మీద ఫోకస్ కుదరడం లేదు. ఆదివారం గొల్లపల్లి వెళ్లాను. వీణలు చేసే ఇంట్లో ఒక పెద్దాయన పనస మొద్దుని చేరేసుకుని కుండ తొలుస్తున్నాడు, ఉలి దెబ్బకి పసుపురంగు పొట్టు మోకాళ్ల మీద రాలుతోంది. రెండు మీటర్ల దూరం నుంచి తీశాను. కనురెప్పల మీద పొట్టు కూడా కనబడింది. వెనక కొండలు మాత్రం ఎంత తిప్పినా రాలేదు.