ఆర్వీ ట్రిప్‌కు ఏ ఫ్రిజ్ బెటర్? బండి బుక్ చేసే ముందే తెలుసుకోండి!

అమెరికాలో ఆర్వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్తున్నారా? అయితే అందులో ఏ ఫ్రిజ్ ఉందో ముందే అడగండి. పాలు, పెరుగే కాదు.. ఇన్సులిన్ లాంటి మందులుంటే మరీ ముఖ్యం.

రెసిడెన్షియల్ ఫ్రిజ్: ఇంట్లో వాడే కంప్రెసర్ ఫ్రిజ్ లాంటిదే. చోటెక్కువ, త్వరగా కూలవుతుంది. కానీ 120 వోల్టుల కరెంటు ఉండాల్సిందే. ప్లగ్ పాయింట్ లేని చోట ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీలు కావాలి. అవి డౌన్ అయితే ఫ్రిజ్ బంద్!

ప్రొపేన్ ఫ్రిజ్: దీనికి కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంట వేడికి లోపలి అమ్మోనియా ద్రావణం మరిగి, గొట్టాల్లో తిరుగుతూ చల్లదనం ఇస్తుంది. కంట్రోల్ బోర్డుకు 12 వోల్టుల బ్యాటరీ చాలు. అయితే కూలవ్వడానికి గంటలు పడుతుంది కాబట్టి ముందురోజే ఆన్ చేయాలి. బండిని సమతలంగా ఆపాలి. ఒక పక్కకు ఒరిగితే ద్రావణం సరిగా తిరగక యూనిట్ వేడెక్కి దెబ్బతింటుంది. లీకైతే మంటలూ రావొచ్చు. పెట్రోల్ బంకులోకి వెళ్లే ముందు గ్యాస్ మంట ఆపేయడం మర్చిపోవద్దు.

మరి ఏది ఎంచుకోవాలి? రాత్రి ఎక్కడ ఆగుతారన్నదే అసలు పాయింట్. ఎల్లోస్టోన్ లోపల కరెంటు హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులోనే. అక్కడ సైట్ దొరికితే రెసిడెన్షియల్ ఓకే. పార్కులోని మిగతా క్యాంపుల్లో అయితే ప్రొపేన్‌కే ఓటు!